పూరీలో పడుకుని శ్రీకూర్మంలో లేచిన రామానుజులు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు తెలుగు ఇళ్ళలో రామానుజాచార్యుల మాట వస్తే ఆయన సిద్ధాంతం విశిష్టాద్వైతం కన్నా ముందు ఒక కథ వస్తుంది. రామానుజులు పూరీ వెళ్ళారు, అక్కడ జగన్నాథుడి పూజ శాస్త్రం చెప్పినట్టు జరగడం లేదని మార్చబోయారు, పండాలు, అంటే అక్కడి గుడి సేవకులు, ఒప్పుకోలేదు, చివరికి దేవుడే ఒప్పుకోలేదు, రాత్రి పడుకున్న మనిషిని పడుకున్నట్టే ఎత్తించి తెల్లారేసరికి శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మంలో దింపేశాడు. కథ ఇంతే. చెప్పేవాళ్ళు దీన్ని నవ్వుతూ చెప్తారు, వినేవాళ్ళు కూడా నవ్వుతూనే వింటారు. కానీ కాస్త ఆగి ఆలోచిస్తే ఇందులో ఒక వింత కనిపిస్తుంది. ఇది రామానుజులు ఓడిపోయిన కథ. అది కూడా వాదంలో ఎదుటి పండితుడి చేతిలో కాదు, తను జీవితమంతా ఎవరి గొప్పతనం చెప్తూ తిరిగారో ఆ విష్ణువు చేతిలోనే. మరి ఈ కథను దాచిపెట్టకుండా, వందల ఏళ్ళుగా ఎందుకు చెప్పుకుంటున్నారు? పైగా చెప్పుకున్నది ఆయన్ను వ్యతిరేకించినవాళ్ళు కాదు, సంస్కృతంలో ఆచార్యుల చరిత్ర చెప్పే ప్రపన్నామృతంలోనే ఇది ఉంది, అది శ్రీవైష్ణవులు భక్తితో చదువుకునే పుస్తకం.

ఈ ప్రశ్నకు జవాబు రామానుజుల సిద్ధాంతంలోనే ఉంది. దాన్ని చూడాలంటే ముందు ఆయన జీవితంలోంచి రెండు మూడు సంగతులు తీసుకోవాలి.

సంప్రదాయం చెప్పే లెక్క ప్రకారం రామానుజులు 1017లో శ్రీపెరుంబుదూరులో పుట్టారు, 1137లో శ్రీరంగంలో పరమపదించారు, అంటే నిండా 120 ఏళ్ళు. ఈ లెక్కను ఒప్పుకోని పరిశోధకులు ఆయన పుట్టుకను దాదాపు అరవై ఏళ్ళు ముందుకు జరిపి 1077 దగ్గర పెడతారు. ఏది తీసుకున్నా పన్నెండో శతాబ్దం మొదటి భాగం ఆయన పనిచేసిన కాలమే. తండ్రి కేశవ సోమయాజి, తల్లి కాంతిమతి. చదువు కోసం కాంచీపురంలో యాదవప్రకాశుల దగ్గర చేరారు.

అక్కడ జరిగిందని చెప్పే ఒక సంఘటన చిన్నదే కానీ మొత్తం మనిషిని పట్టి ఇస్తుంది. ఛాందోగ్య ఉపనిషత్తులో సూర్యమండలంలో కనిపించే బంగారు పురుషుడి కళ్ళను వర్ణించే చోట "కప్యాసం" అనే మాట ఉంది. కపి అంటే కోతి, ఆసం అంటే కూర్చునే భాగం, కాబట్టి ఆ కళ్ళు కోతి పిరుదుల్లా ఎర్రగా ఉన్నాయని యాదవప్రకాశులు అర్థం చెప్పారట. ఆ సమయంలో శిష్యుడు రామానుజుడు గురువుకు తలంటుతున్నాడు. ఆ మాట విని ఏడుపు ఆగలేదు, కన్నీటి బొట్టు వేడిగా గురువు తొడ మీద పడింది. ఏమిటని అడిగితే, "కం" అంటే నీరు, నీటిని తాగేవాడు "కపి", అంటే సూర్యుడు, ఆ సూర్యుడి వల్ల విచ్చుకున్న తామరలాంటి కళ్ళు అని ఆ మాటకు అర్థం చెప్పుకోవచ్చు కదా అన్నాడు. ఈ కథలో వ్యాకరణం ఎంత ఉందో అంతకన్నా ఎక్కువ ప్రేమ ఉంది. భగవంతుడికి రూపం ఉంది, కళ్ళున్నాయి, ఆ కళ్ళు అందమైనవి, వాటిని కించపరిస్తే ఏడుపొచ్చేంత దగ్గరివాడు ఆయన. నిర్గుణం, నిరాకారం అని చెప్పి పక్కన పెట్టేసే బ్రహ్మం కాదు. రామానుజులు తర్వాత బ్రహ్మసూత్రాలకు రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో ఎంతో శ్రమపడి నిలబెట్టింది కూడా దీన్నే: లోకం అబద్ధం కాదు, జీవులు అబద్ధం కాదు, ఈ రెండూ భగవంతుడికి శరీరం లాంటివి, ఆయన వీటికి ఆత్మ. శరీరం ఆత్మ కోసం ఉన్నట్టు జీవుడు ఆయన కోసం ఉన్నాడు. సంప్రదాయ భాషలో జీవుడు శేషుడు, ఆయన శేషి.

ఆ తర్వాతి జీవితం చాలామందికి తెలిసిందే. తనకు ముందు శ్రీరంగంలో ఆచార్యుడైన యామునాచార్యుల దేహం దగ్గరికి వెళ్ళేసరికి ఆయన చేతి మూడు వేళ్ళు ముడుచుకుని ఉండటం, తీరని మూడు కోరికలు తీరుస్తానని రామానుజులు ఒక్కొక్కటే మాట ఇస్తుంటే ఆ వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకోవడం; తిరుక్కోట్టియూరు నంబి దగ్గరికి పద్దెనిమిది సార్లు నడిచివెళ్ళి సంపాదించిన మంత్రార్థాన్ని గుడి గోపురం ఎక్కి అందరికీ వినిపించడం; బ్రహ్మసూత్రాల మీది పాత వ్యాఖ్య బోధాయన వృత్తి కోసం కాశ్మీరు వెళ్ళడం, పుస్తకం చేతిలో ఉండనివ్వకపోతే శిష్యుడు కూరేశులు దాన్ని కంఠస్థం చేసి ఉండటం; చోళరాజు వేధింపు వల్ల తెల్ల బట్టలు కట్టుకుని కర్ణాటక వైపు తప్పించుకోవడం, ఆయన బదులు వెళ్ళిన కూరేశులు కళ్ళు పోగొట్టుకోవడం; మేల్కోటలో పన్నెండేళ్ళు. ఇవన్నీ వరసగా చూస్తే ఒక విషయం తేలుతుంది. ఈ కథలన్నిట్లో రామానుజులు ఏదో ఒక తలుపు తెరుస్తూనే ఉంటారు. గురువు మూసిన తలుపు, పుస్తకం దాచినవాళ్ళు మూసిన తలుపు, గుడిలోకి రానివ్వని తలుపు. పూరీ కథ ఒక్కటే దీనికి ఎదురు. అక్కడ తలుపు ఆయనకే మూసుకుంది.

కథను కొంచెం వివరంగా చూద్దాం. పూరీలో అప్పటికి జరుగుతున్న ఆరాధన తనకు తెలిసిన పాంచరాత్ర ఆగమం, అంటే విష్ణువు గుళ్ళ పూజాశాస్త్రం, ప్రకారం లేదని రామానుజులు గమనించారు. శ్రీరంగంలో పూజలూ ఉత్సవాలూ పనివాళ్ళ బాధ్యతలూ అన్నీ ఒక పద్ధతిలో పెట్టిన అనుభవం ఉంది కాబట్టి, ఇక్కడా అలాగే చేద్దామనుకున్నారు. ఉన్న సేవకులను తప్పించి వేరేవాళ్ళను పెట్టే దాకా వచ్చింది. సేవకులు స్వామి దగ్గర మొరపెట్టుకున్నారు. స్వామి కలలో కనిపించి, వీళ్ళ సేవ నాకు అలవాటు, వీళ్ళను ఇలాగే ఉండనీ అన్నాడు. ఆచార్యులు పట్టు వదల్లేదు, శాస్త్రం ఇలా చెప్తోంది కదా అన్నారు. అప్పుడు స్వామి గరుత్మంతుడికి ఆజ్ఞ ఇచ్చాడు. తెల్లవారి లేచి చూస్తే శిష్యులు లేరు, ఊరు కొత్త, ఎదురుగా ఉన్న గుడిలో దేవుడి ఆకారం చూస్తే శివలింగంలా ఉంది. శివాలయం అనుకుని ఆ రోజు ఉపవాసం ఉండిపోయారు. మళ్ళీ కలలో స్వామి కనిపించి, ఇది లింగం కాదు, కూర్మం, నేనే అని చెప్పాడు. అప్పుడు లేచి సేవించుకున్నారు, అక్కడ వైష్ణవ పద్ధతిలో పూజలు ఏర్పాటు చేశారు.

వరసగా ఆయనకు రెండు పొరపాట్లు జరిగాయి, గమనించండి. పూరీలో విష్ణువు ఉన్నాడని తెలుసు, కానీ ఆ విష్ణువుకు ఏం ఇష్టమో తెలియలేదు. శ్రీకూర్మంలో విష్ణువు ఉన్నాడనే తెలియలేదు. రెండు చోట్లా చెప్పాల్సింది దేవుడే చెప్పాడు. భక్తులు తమ ఆచార్యుల గురించి ఇలాంటి కథ చెప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలి, చాలా నమ్మకం కూడా కావాలి.

ఈ కథ ఒంటరిది కాదు. దీనికి కవల కథ ఒకటి దేశానికి ఆ చివర ఉంది. తిరువనంతపురంలో అనంతపద్మనాభస్వామి గుడిలో కూడా రామానుజులు పాంచరాత్ర పద్ధతి ప్రవేశపెట్టబోయారని, నంబూద్రి అర్చకులు స్వామిని వేడుకున్నారని, స్వామి ఆయన్ను ఒక్క రాత్రిలో తమిళనాడులోని తిరుక్కురుంగుడికి చేర్చేశాడని చెప్తారు. అక్కడ కథ ఇంకా తియ్యగా ఉంటుంది. పొద్దున్నే లేచిన రామానుజులు అలవాటుగా "వడుగా" అని శిష్యుణ్ణి పిలిచారు, నామం పెట్టుకోవడానికి తిరుమణి తెమ్మని. వడుగనంబి తిరువనంతపురంలోనే ఉండిపోయాడు. తిరుక్కురుంగుడి స్వామే వడుగనంబి రూపంలో వచ్చి తిరుమణి అందించాడు. ఆచార్యుల్ని ఒక దేవుడు వెళ్ళగొట్టాడు, ఇంకో చోట దేవుడే శిష్యుడై సేవ చేశాడు, రెండూ ఒకే కథలో.

వడుగనంబి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళడం కష్టం. తమిళంలో వడుగులు అంటే ఉత్తరాన ఉన్న తెలుగువాళ్ళు. అందుకే సంస్కృతంలో ఈ శిష్యుణ్ణి ఆంధ్రపూర్ణుడు అంటారు. శ్రీరంగంలో స్వామి ఊరేగింపు వస్తుంటే, రా, దర్శనం చేసుకో అని రామానుజులు పిలిచారట. అప్పుడు ఆయన గురువు కోసం పాలు కాస్తున్నాడు. మీ దేవుణ్ణి చూడటానికి నేను వస్తే నా దేవుడి పాలు పొంగిపోతాయి అన్నాడు. ఆచార్యుణ్ణి ఇంతగా పట్టుకున్నవాడి సంప్రదాయమే, ఆచార్యుడి కోరికను దేవుడు కాదన్న కథ కూడా పక్కనే పెట్టుకుంది. ఈ రెండిటికీ వైరుధ్యం లేదని వాళ్ళకు తెలుసు.

ఎందుకు లేదో చూద్దాం. రామానుజుల సంప్రదాయంలో భగవంతుడి రూపాలు అయిదు: పరం, వ్యూహం, విభవం, అంతర్యామి, అర్చ. వైకుంఠంలో ఉన్నది పరం, రాముడు కృష్ణుడు లాంటి అవతారాలు విభవం, గుడిలో కనిపించే విగ్రహం అర్చ. ఈ అయిదిట్లో సామాన్యుడికి అందేది చివరిదే, అందుకే వీళ్ళు అర్చావతారాన్ని అంత ఎత్తులో పెట్టారు. గుడిలోని విగ్రహం భగవంతుడికి గుర్తు మాత్రమే అని వీళ్ళు అనరు, అది భగవంతుడే. అయితే ఆ రూపంలో ఆయన ఒక పని చేశాడు, తన స్వాతంత్ర్యాన్ని వదులుకున్నాడు. లేపితే లేస్తాడు, స్నానం చేయిస్తే చేస్తాడు, పెట్టింది తింటాడు, పడుకోబెడితే పడుకుంటాడు. కూరేశుల కొడుకు పరాశర భట్టర్ శ్రీరంగనాథుణ్ణి స్తుతిస్తూ దీన్ని ఒక్క సమాసంలో చెప్పాడు: "అర్చకపరాధీనాఖిలాత్మస్థితిః". తన ఉనికంతా అర్చకుడి అధీనంలో పెట్టినవాడు అని. ఆ మాట ముందు "సర్వసహిష్ణుః" అని కూడా ఉంది, అన్నీ ఓర్చుకునేవాడు.

ఇప్పుడు పూరీ కథను ఈ మాట పక్కన పెట్టి చదవండి. జగన్నాథుడు రామానుజుల సిద్ధాంతాన్ని కాదనలేదు, దాన్ని అక్షరాలా పాటించాడు. నేను అర్చకుల అధీనంలో ఉన్నానని నువ్వే చెప్పావు కదా, మరి వాళ్ళను మార్చడానికి నువ్వెవరు, నేనెవరు అన్నట్టు. సేవలో లోపం ఉందని సేవకుణ్ణి తీసెయ్యడం శాస్త్రానికి సరిపోవచ్చు, కానీ సర్వసహిష్ణువు అయిన అర్చావతారానికి సరిపోదు. దీనికి తోడు, భగవంతుడి సేవ కన్నా భాగవతుల, అంటే ఆయన భక్తుల, సేవ గొప్పదని రామానుజ సంప్రదాయమే చెప్తుంది. కాబట్టి ఇది ఆచార్యుల్ని తగ్గించే కథ కానే కాదు. శాస్త్రమూ ప్రేమా ఎదురుపడ్డప్పుడు ఏది నెగ్గుతుందో ఆయన శిష్యులు ఆయన్నే పాత్రగా పెట్టి చెప్పుకున్న కథ. కప్యాసం దగ్గర ఏడ్చిన కుర్రవాడికి ఇది కొత్త సంగతి కాదు. ఇంకొకటి, తామరలాంటి కళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టిన ఆ మనిషి పూరీలో చూసింది రెప్పలు లేని గుండ్రటి పెద్ద కళ్ళను. ఒడియావాళ్ళు ఆ స్వామిని ముద్దుగా చకాడోళా అంటారు, చక్రాల్లాంటి కళ్ళవాడు అని. అందం ఏ ఒక్క శ్లోకంలోనూ పూర్తికాదు.

పూరీలో ఆ సేవకులు ఎవరన్నది ఇంకా ముఖ్యం. జగన్నాథుడి పుట్టుక కథ శబరుల రాజు విశ్వావసుతో మొదలవుతుంది. అడవిలో ఆయన నీలమాధవుణ్ణి రహస్యంగా కొలిచేవాడు. ఇంద్రద్యుమ్న మహారాజు పంపిన బ్రాహ్మణుడు విద్యాపతి ఆయన కూతురు లలితను పెళ్ళి చేసుకుని ఆ చోటు తెలుసుకున్నాడు. ఆ సంతతే దైతాపతులు అంటారు. స్నానపూర్ణిమ తర్వాత స్వామికి జ్వరం వచ్చిందని పదిహేను రోజులు తలుపులు వేసే అణసర కాలంలో, రథయాత్రలో, కొత్త కొయ్యతో విగ్రహాలు మార్చే నవకళేబరంలో దైతాపతులదే ప్రధాన పాత్ర. వాళ్ళు స్వామికి చుట్టాలు. పాత విగ్రహాలను సమాధి చేశాక సొంత ఇంట్లో మనిషి పోయినట్టు మైల పడతారు. పాంచరాత్రంలో ఇలాంటి చుట్టరికానికి చోటెక్కడ? మంత్రం, ముద్ర, న్యాసం, కాలం అన్నీ ఉంటాయి, రక్తసంబంధం ఉండదు. పూరీ కథలో అసలు తగువు పూజ విధానం గురించి కాదేమో, ఈ చుట్టరికం గురించే అనిపిస్తుంది.

ఇది గజపతి, రాయగడ జిల్లాల్లో ఉండే తెలుగువాళ్ళకు పుస్తకాల్లో విషయం కాదు. కథలోని శబరుల పేరే మోసే సవరలు అక్కడ పక్క ఊరివాళ్ళు, సంతలో కనిపించేవాళ్ళు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నదీ, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిందీ ఈ నేల మీదే. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం గురించి అందరూ చెప్తారు కానీ, చదువుకున్నవాళ్ళు పట్టించుకోని సవరల మాటకు కూడా వ్యాకరణం ఉందని చూపించడం, పూరీ కథలో దేవుడు సేవకుల పక్షాన నిలబడటం లాంటి పనే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అటు వెళ్ళినప్పుడు ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు.

ఇక చరిత్ర వైపు. రామానుజులు పూరీ వెళ్ళారన్నదానికి ఆధారం గురుపరంపర కథలూ, స్థానిక సంప్రదాయమూ. కానీ ఆ కాలంలో కళింగంలో ఏం జరుగుతోందో శాసనాలు బాగానే చెప్తాయి. 1078లో అనంతవర్మ చోడగంగదేవుడు సింహాసనం ఎక్కాడు. రాజధాని కళింగనగరం, అంటే వంశధార ఒడ్డున ఉన్న ఇప్పటి ముఖలింగం, పర్లాకిమిడికి దగ్గరే. ఆ వంశానికి కులదైవం మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడు, శివుడు. తల్లి రాజసుందరి చోళ రాకుమార్తె, అందుకే పేరులో చోడ, గంగ రెండూ ఉన్నాయి. తల్లి పుట్టింటివాళ్ళతోనే యుద్ధం కూడా వచ్చింది, కులోత్తుంగ చోళుడి సైన్యం కళింగం మీదికి వచ్చిపడింది, ఆ యుద్ధం మీద తమిళంలో పెద్ద కావ్యమే పుట్టింది. చోడగంగు ఉత్కళాన్ని గెలిచి, పరమమాహేశ్వరుడని చెప్పుకున్నవాడే పరమవైష్ణవుడు అని కూడా చెప్పుకున్నాడు, పూరీలో ఇప్పుడున్న పెద్ద గుడి మొదలుపెట్టాడు.

ఈ మార్పుకు రామానుజుల ప్రభావమే కారణమని కొందరు చరిత్రకారులు రాశారు. కాలాలు కలుస్తాయి, కానీ కాలాలు కలిసినంత మాత్రాన కారణం అయిపోదు. కొత్తగా గెలిచిన ఉత్కళంలో జనం అప్పటికే పురుషోత్తముణ్ణి, అంటే జగన్నాథుణ్ణి, కొలుస్తున్నారు, ఆ దేవుణ్ణి తన దేవుడిగా చేసుకోవడం రాజుకు అవసరం కూడా. ఆ తర్వాత మూడో అనంగభీముడు 1230 ప్రాంతంలో రాజ్యాన్నే పురుషోత్తముడికి అప్పజెప్పి తాను ఆయన ప్రతినిధిని మాత్రమే అన్నాడు. పూరీ గుడిలో ముప్పై ఆరు నియోగాలు, అంటే సేవకుల తరగతులు, ఈ అనంగభీముడే ఏర్పాటు చేశాడని చెప్తారు. అంటే రామానుజుల కాలానికి ఈ సేవకుల వ్యవస్థ ఇప్పుడున్నంత గట్టిపడి ఉండదు. కథలో పండాలు అంత బలంగా ఎదురు నిలబడటం చూస్తే, ఈ కథ ఇప్పటి రూపానికి వచ్చింది ఆ వ్యవస్థ గట్టిపడ్డాకే అనుకోవడం సబబు. దక్షిణం నుంచి వస్తున్న ఆచార్యుల మఠాలూ, పూరీ సేవకులూ ఒక చోట ఆగి, ఇక్కడి దాకా మీది, ఇక్కడి నుంచి మాది అని ఒప్పుకున్న రాజీ ఈ కథలో కనిపిస్తుంది.

ఆ హద్దు ఎక్కడ పడిందో చూడండి. పూరీ, తిరువనంతపురం రెండూ ఈనాటికీ సొంత పద్ధతి వదలని గుళ్ళు. రామానుజుల పేరు ఎంత పెద్దదైనా అక్కడి పూజలు ఆయన పేరుతో నడవవు. శ్రీకూర్మం, తిరుక్కురుంగుడి రెండూ ఆయన్ను తమవాడిగా చెప్పుకునే గుళ్ళు. కవల కథలు రెండూ దేశపటం మీద గీసిన గీతల్లాగే ఉన్నాయి, ఒకటి తమిళానికీ కేరళకూ మధ్య, ఇంకొకటి తెలుగుకూ ఒడియాకూ మధ్య. రామానుజులు పోయిన ప్రతిచోటా పాంచరాత్రమే రుద్దారన్న మాట కూడా నిజం కాదు, తిరుమలలో ఆయన ఎన్నో ఏర్పాట్లు చేశారని చెప్తారు కానీ అక్కడ ఇంకో వైష్ణవ పూజాపద్ధతి, వైఖానస ఆగమమే ఉంది, ఈ రోజుకీ అదే ఉంది. ఉన్నదాన్ని ఉండనిచ్చి పక్కన నిలబడటం ఆయనకు తెలుసు. పూరీ దాకా వచ్చి ఆ పాఠం మళ్ళీ నేర్చుకున్నారని కథ అంటుంది, అంతే.

శ్రీకూర్మం వైపు నుంచి చూస్తే కథ రంగు పూర్తిగా మారిపోతుంది. పూరీకి ఇది ఒక ఆచార్యుణ్ణి సాగనంపిన కథ, శ్రీకూర్మానికి దొరికిన వరం. పూరీ నుంచి రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైనే ఉండే ఈ ఊళ్ళో విష్ణువు తాబేలు రూపంలో ఉంటాడు. మూలవిరాట్టును చూస్తే రామానుజులు ఎందుకు పొరబడ్డారో ఎవరికైనా అర్థమవుతుంది, నేల మీద పరుచుకున్న శిల అది, నామాలు దిద్దితేనే తల, వీపు, తోక తెలుస్తాయి. గుడికి రెండు ధ్వజస్తంభాలు. స్వామి పడమటి వైపు తిరిగి ఉంటాడు. గుడి వెనక తపస్సు చేస్తున్న భిల్లరాజు కోసం దేవుడే అటు తిరిగాడని అక్కడి కథ. పూరీలో శబరరాజు, ఇక్కడ భిల్లరాజు. రామానుజుల్ని ఒక అడవి రాజు దేవుడి దగ్గర నుంచి ఇంకో అడవి రాజు దేవుడి దగ్గరకే పంపించారన్నమాట. శాస్త్రం పట్టుకుని ఎటు వెళ్ళినా ఈ నేల మీద అడవి మనిషి ముందుగానే అక్కడ కూర్చుని ఉన్నాడు.

గుడి స్తంభాల నిండా శాసనాలు, ఎక్కువ భాగం తెలుగులో. గాంగులూ ఆ తర్వాత గజపతులూ కటకం నుంచి ఏలుతున్న రోజుల్లో కూడా ఇక్కడ దీపానికీ నైవేద్యానికీ ఇచ్చిన దానాలు తెలుగులోనే చెక్కించారు. రాజ్యం ఒకటే, భాషలు రెండు, దాని గురించి ఎవరికీ బెంగ లేదు.

అయితే అడవివాళ్ళకూ గుడికీ ఎప్పుడూ సఖ్యతే అనుకుంటే పొరపాటు. ఇక్కడే శకం 1203, అంటే 1281 నాటి శాసనం ఒకటి ఉంది. అది నరహరితీర్థులది. మధ్వాచార్యుల శిష్యుడు, ద్వైతి, సన్యాసి, అయినా కళింగంలో పాలన బాధ్యతలు మోసినవాడు. శ్రీకూర్మంలో యోగానందనరసింహుణ్ణి ప్రతిష్ఠించిన సంగతి చెప్పే ఆ సంస్కృత శాసనమే, ఆయన కత్తి పట్టి శబరుల దాడి నుంచి కూర్మనాథుణ్ణి కాపాడాడని కూడా చెప్తుంది. మధ్వ సంప్రదాయం ప్రకారం మూలరాముడు, సీత విగ్రహాలు కళింగ రాజుల ఖజానాలో ఉంటే, వాటిని తెమ్మని గురువు పంపితేనే ఆయన వచ్చాడు, పసివాడైన రాజు తరఫున పన్నెండేళ్ళు రాజ్యం నడిపి, వెళ్ళేటప్పుడు కానుకగా ఆ విగ్రహాలు అడిగి తీసుకెళ్ళాడు.

రెండింటినీ ఎదురెదురుగా పెట్టండి. కథలో శబరుడు దేవుడి చుట్టం, శాసనంలో గుడి మీద పడే శత్రువు. కథ కోరుకున్నది, శాసనం జరిగినది అనుకుని తేల్చేయొచ్చు, కానీ అంత తేలిక కాదు. శాసనం రాయించింది గెలిచినవాళ్ళు. అడవి నుంచి వచ్చినవాళ్ళు ఏం అడగడానికి వచ్చారో, గుడి భూములు పెరిగిపోతుంటే వాళ్ళ కొండలు ఏమయ్యాయో అందులో ఉండదు. పూరీ కథలో మాత్రం ఆ పాత హక్కు తాలూకు గొంతు దేవుడి నోటి వెంట వినిపిస్తుంది. ఆ మేరకు కథే ఎక్కువ న్యాయంగా ఉంది.

పూరీ, శ్రీకూర్మాల మధ్య ఈ దారి రామానుజుల కథతో ఆగిపోలేదు. 1510లో చైతన్య మహాప్రభు పూరీ నుంచి దక్షిణానికి బయలుదేరి నడిచింది కూడా ఇటే. కూర్మక్షేత్రంలో కుష్ఠురోగంతో బాధపడుతున్న వాసుదేవుడనే బ్రాహ్మణుణ్ణి కౌగిలించుకుంటే రోగం పోయిందని గౌడీయ వైష్ణవులు చెప్పుకుంటారు. అక్కడి నుంచి సింహాచలం, ఆ తర్వాత గోదావరి ఒడ్డున గజపతుల అధికారి రామానందరాయలతో ఆ ప్రసిద్ధమైన సంభాషణ. ఈ దారి పక్కన ఊళ్ళలో ఇప్పటికీ ఒకే ఇంట్లో జగన్నాథరావు, కూర్మారావు, సింహాచలం అనే పేర్లు కనిపిస్తాయి. తాతకు ఒక దేవుడు, మనవడికి ఇంకో దేవుడు. ఆషాఢంలో రథయాత్రకు పైకి వెళ్తారు, ఫాల్గుణ పున్నమికి డోలోత్సవానికి కిందికి వస్తారు. రాష్ట్రాల హద్దు 1936లో వచ్చింది, ఈ రాకపోకలకు అది అడ్డం కాలేదు. పర్లాకిమిడి దాటగానే పాతపట్నం, ఇంటి పేర్లు అవే, చుట్టరికాలు అవే, బోర్డుల మీద అక్షరాలు మాత్రం మారతాయి.

పూరీ రామానుజుల్ని పూర్తిగా పంపించేసిందా అంటే అదీ లేదు. సింహద్వారం దగ్గర ఎమార్ మఠం శతాబ్దాలుగా ఉండేది. ఆ పేరు రామానుజుల బిరుదు ఎంపెరుమానార్ నుంచి వచ్చిందని కొందరు, ఆయన పినతల్లి కొడుకు, శిష్యుడు గోవిందుడి పేరు ఎంబార్ నుంచి వచ్చిందని కొందరు అంటారు. 2011లో ఆ మఠంలో 500కు పైగా వెండి దిమ్మెలు బయటపడ్డప్పుడు దేశమంతా దాని పేరు విన్నది. 2019లో గుడి చుట్టూ 75 మీటర్ల మేర కట్టడాలు తొలగించినప్పుడు మఠం భవనాన్నీ, అందులో ఉన్న రఘునందన గ్రంథాలయ భవనాన్నీ కూల్చేశారు. భద్రత కోసమే కావచ్చు, కానీ ఒక రాత్రిలో సాగనంపారని కథ చెప్పిన ఆచార్యులకు అదే గుమ్మం ఎదుట అన్ని వందల ఏళ్ళు ఇల్లు ఉండటం ఎంత అపురూపమో ఆ కట్టడం ఉన్నన్నాళ్ళూ కంటికి కనిపించేది. ఇప్పుడు చెప్తే తప్ప తెలియదు.

ఇంకో ఆనవాలు పూరీకి కొద్ది దూరంలో బ్రహ్మగిరిలో ఉంది. అక్కడి అలారనాథుడు నల్లరాతి విష్ణువు, నాలుగు చేతులతో, శంఖచక్రాలతో, దక్షిణాదివాళ్ళు చూడగానే పోల్చుకునే రూపం. ఆ పేరు ఆళ్వార్‌నాథ్ అన్న మాట నుంచి పుట్టిందని చెప్తారు, ఆళ్వారుల దేవుడు అని. స్నానపూర్ణిమ తర్వాత జగన్నాథుడి దర్శనం ఉండదు కాబట్టి ఆ పదిహేను రోజులూ జనం బ్రహ్మగిరికి వెళ్తారు. చైతన్యులు కూడా స్వామి కనబడని ఆ రోజులు ఓర్చుకోలేక అక్కడికే వెళ్ళేవారంటారు. అలారనాథుడి పాయసం కోసం గుడి ముందు వరసలు కడతారు, బరంపురం నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు కూడా ఆ వరసల్లో ఉంటారు. ఆ సమయానికి పూరీలో మూసిన తలుపుల వెనక, జ్వరంతో ఉన్న స్వామి దగ్గర కూర్చుని పళ్ళూ మందూ పెడుతూ ఉండేది దైతాపతులు.